సంతకానికి ముందు మాన్యువల్ చూడండి

పోయిన నెల కారు సర్వీసుకు ఇస్తే, షోరూమ్ కుర్రాడు ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చాడు. ఆయిల్, ఫిల్టర్ల కింద మరో నాలుగు పద్దులు: ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్ బాడీ కోటింగ్. "అందరూ చేయించుకుంటున్నారు సార్" అన్నాడు. డాష్‌బోర్డు అరలోంచి కంపెనీవాళ్లిచ్చిన మాన్యువల్ తీసి, ఇరవై వేల కిలోమీటర్ల వరస మీద వేలు పెట్టి చూపించాను. ఆ నాలుగింటిలో ఒక్కటీ అందులో లేదు. మారుమాట లేకుండా నాలుగూ కొట్టేశాడు, బిల్లు సగానికి దిగింది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. నెలాఖరుకు టార్గెట్ అందకపోతే అతని ఇన్సెంటివ్ పోతుంది. తప్పు ఆ టార్గెట్ పెట్టినవాళ్లది. బయట మెకానిక్‌కి చూపిస్తే వారంటీ మొత్తం పోతుందన్న బెదిరింపు ఇంకా ఘోరం. అసలు విడిభాగాలే బయట దొరకనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. పదేళ్లు దాటాయి, కౌంటర్ దగ్గర మాట మాత్రం మారలేదు. చదువుకున్న మనమే కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తుంటే, అప్పుచేసి టాక్సీ కొనుక్కున్న డ్రైవరన్న గతేంటి? మాన్యువల్ పక్కన పెట్టుకుని ఎస్టిమేట్‌లో ప్రతి పద్దూ చదవండి. మార్చిన పాత పార్టులు చూపించమనండి. మీరు ఒప్పుకోని పనికి డబ్బడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.