స్టెల్త్ విమానం నిజంగా రాడార్‌కు కనిపించదా? సోవియట్ సైంటిస్ట్ లెక్క అమెరికా చేతికి ఎలా చిక్కింది?

2025 జూన్ 22 తెల్లవారుజాము. అమెరికాకు చెందిన ఏడు బీ-2 బాంబర్లు ఇరాన్‌లోకి చొరబడి ఫోర్డో, నతాంజ్ అణు కేంద్రాలపై 14 భారీ బాంబులు వేసి వెళ్లిపోయాయి. వాటిపై ఒక్క మిసైల్ కూడా పేలినట్లు తమకు తెలియదని పెంటగాన్ ప్రకటించింది. అంతకుముందు తొమ్మిది రోజులుగా ఇజ్రాయెల్ ఇరాన్ గగనతల రక్షణను చావుదెబ్బ తీసిందన్నది కూడా ఇక్కడ మర్చిపోకూడదు. అయినా సోషల్ మీడియాలో మాత్రం ఒకటే మాట.. స్టెల్త్ అంటే మాయ, రాడార్‌కు అస్సలు దొరకదు అని.

అది నిజం కాదు. స్టెల్త్ విమానం మాయమైపోదు, ఆలస్యంగా కనిపిస్తుంది.. అంతే. కానీ యుద్ధంలో ఆ ఆలస్యమే ప్రాణాంతకం. లెక్క చూడండి. విమానం నుంచి రాడార్ వైపు తిరిగొచ్చే ప్రతిధ్వని 16 రెట్లు తగ్గితే, దాన్ని పసిగట్టే దూరం సగానికి మాత్రమే పడిపోతుంది. పదో వంతుకు పడిపోవాలంటే ప్రతిధ్వని ఏకంగా 10,000 రెట్లు తగ్గాలి. అది సాధిస్తే, మామూలు ఫైటర్‌ను 400 కిలోమీటర్ల దూరంలో చూసే రాడార్‌కు స్టెల్త్ విమానం 40 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాకే కనిపిస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వస్తే 400 కిలోమీటర్లకు దాదాపు 27 నిమిషాలు పడుతుంది. 40 కిలోమీటర్లకు మూడు నిమిషాలు కూడా పట్టదు. ఈలోగా సైరన్ మోగాలి, మిసైల్ రెడీ కావాలి, గురి కుదరాలి!

ఇంతకీ ఈ 10,000 రెట్లు తగ్గించే కిటుకు ఎక్కడిది? అమెరికాది కాదు. మాస్కోలో పనిచేసిన ప్యోటర్ ఉఫింత్సెవ్ అనే సైంటిస్ట్‌ది. విమానం అంచుల దగ్గర రేడియో తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కగట్టే పద్ధతిని 1962లో పుస్తకంగా రాశారాయన. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు.. సోవియట్ విమాన డిజైనర్లు దాన్ని పట్టించుకోలేదు. రహస్యం కూడా కాదనుకుని అచ్చు వేసేశారు. 1971లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించుకుంది. లాక్‌హీడ్ కంపెనీలో పనిచేసే డెనిస్ ఓవర్‌హోల్సర్ కంట అది పడింది. ఆయన దాని ఆధారంగా ఓ కంప్యూటర్ ప్రోగ్రామ్ రాశారు. ఆ రోజుల్లో కంప్యూటర్లకు వంపులు లెక్కించే సత్తా లేదు. అందుకే విమానాన్ని చదును పలకలుగా విడగొట్టి లెక్కవేశారు. ఎఫ్-117 చెక్కిన వజ్రంలా కోణాలు కోణాలుగా ఉండటానికి అసలు కారణం ఇదే.

ఎగరలేని ఆకారాన్ని ఎగరేసిందెవరు?

రాడార్‌ను మోసం చేసే ఆకారం దొరికింది. కానీ ఆ ఆకారానికి గాల్లో నిలకడ లేదు. పైలట్ ఎంత మొనగాడైనా చేత్తో నడపలేడు. కంప్యూటర్లే సెకనుకు ఎన్నోసార్లు రెక్కల అంచుల్ని సరిచేస్తూ పోవాలి. దీన్నే ఫ్లై-బై-వైర్ అంటారు. ఒకటి చెడిపోయినా విమానం నిలబడేలా ఎఫ్-117లో నాలుగు వరుసల వ్యవస్థ పెట్టారు. అంటే స్టెల్త్‌కు సగం బలం ఆకారానిదైతే, మిగతా సగం కంట్రోల్ ఇంజినీర్లది. వీళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

మరి ఇంత చేసినా దొరకలేదా అంటే.. దొరికింది. 1999 మార్చి 27న సెర్బియాలో జోల్టాన్ డానీ నాయకత్వంలోని బ్యాటరీ ఓ ఎఫ్-117ను కూల్చేసింది. వాడినవి పాత సోవియట్ సరుకే.. ఎస్-125 మిసైళ్లు, పీ-18 రాడార్. పీ-18 తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. విమానం తోక, రెక్క భాగాల సైజుకు దగ్గరగా ఉండే తరంగాల ముందు కోణాల కిటుకు పెద్దగా పారదు. ‘ఏదో వస్తోంది’ అని తెలిసిపోతుంది. అయితే సరిగ్గా ఎక్కడుందో ఆ రాడార్ చెప్పలేదు. మిసైల్‌కు దారి చూపడానికి 3 సెంటీమీటర్ల తరంగాల రాడార్ కావాలి, దానికి టార్గెట్ బాగా దగ్గరికి రావాలి. అమెరికా విమానాలు రోజూ ఒకే దారిలో రావడం డానీకి కలిసొచ్చింది. పైలట్ డేల్ జెల్కో ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత కాలంలో డానీ బేకరీ పెట్టుకున్నారు, ఇద్దరూ స్నేహితులయ్యారు కూడా!

మనకేంటి సంబంధం?

చాలా ఉంది. చైనా దగ్గర జే-20 స్టెల్త్ ఫైటర్లు ఇప్పటికే సర్వీసులో ఉన్నాయి. జే-35ను 2024 నవంబర్‌లో జుహాయ్ ఎయిర్‌షోలో జనం ముందు ఎగరేసింది. మన ఆమ్కా ప్రాజెక్టుకు 2024 మార్చిలో సుమారు 15,000 కోట్ల రూపాయలతో కేంద్రం ఓకే చెప్పింది. 2025 మేలో ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచింది.

కంట్రోల్ సిస్టమ్ విషయంలో భారత్ ఇప్పటికే ఓ దెబ్బ తిని లేచింది. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ ఫ్లై-బై-వైర్ మీద అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేసింది. బెంగళూరులో శ్యామ్ చెట్టి నేతృత్వంలోని టీమ్ కంట్రోల్ లా పనిని ఇక్కడే పూర్తి చేసింది. 2001 జనవరి 4న తేజస్ ఎగిరింది. అందుకే ఆమ్కాకు ఈ భాగంలో పరాయి దేశం ముందు చేయి చాచాల్సిన అవసరం తక్కువ.

గండం మరోచోట ఉంది. ఆమ్కా స్క్వాడ్రన్లు వచ్చేది వచ్చే దశాబ్దంలోనే. అప్పటిదాకా జే-20 లాంటివి సరిహద్దు దాటితే ముందుగా పసిగట్టాల్సింది నేల మీది రాడార్లే. మీటర్ తరంగాలవి, సెంటీమీటర్ తరంగాలవి రెండూ ఒకే నెట్‌వర్క్‌లో కలిసి, ఒకదాని సమాచారం మరొకదానికి క్షణాల్లో అందాలి. బడ్జెట్ రోజున ఫైటర్ల గురించి జరిగినంత చర్చ ఈ రాడార్ల గురించి జరగదు. ఆ మూడు నిమిషాలను పది నిమిషాలు చేయగలిగేది మాత్రం అవే.