ప్రసవ గదికి తోడును పంపుదాం

తెలుగు సంఘాల కాపరులకు, స్త్రీల సమాజాల పెద్దలకు, మిషన్ ఆసుపత్రుల నిర్వాహకులకు, నర్సింగ్ స్కూళ్ళ ప్రిన్సిపాళ్ళకు మనవి

మన సంఘాల్లో పెళ్ళికి ముందు కాపరి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. బాప్తిస్మానికి ముందు తరగతులు పెడతాం. బిడ్డ పుట్టాక చర్చిలో సమర్పణ ప్రార్థన చేస్తాం. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే భూస్థాపన దాకా సంఘమంతా ఆ ఇంటి ముందే ఉంటుంది. ఒక్క కాన్పు రాత్రి మాత్రం మనం బయటే ఆగిపోతున్నాం. ఆసుపత్రి వరండాలో ప్రార్థన జరుగుతూ ఉంటుంది. తలుపు అవతల, లేబర్ రూమ్ బల్ల మీద, మన ఆడకూతురు తనకేం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేక, పట్టుకోవడానికి చెయ్యి దొరక్క, గంటల తరబడి ఒంటరిగా ఉంటుంది.

ఆ తలుపు అవతలికి మనం శిక్షణ ఇచ్చిన స్త్రీ వెళ్ళాలి. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, కతోలిక, పెంతెకొస్తు అన్న తేడా లేకుండా ప్రతి సంఘమూ తన స్త్రీలలో కొందరిని కాన్పుకు తోడుండేవారిగా, గర్భిణులకు తరగతులు చెప్పేవారిగా తయారుచేయాలి. మేం అడుగుతున్నది ఇదే.

కాన్పుకు తోడుండే స్త్రీని డౌలా అంటున్నారు. హైదరాబాద్ లాంటి నగరాల్లో డబ్బున్న ఇళ్ళవాళ్ళకు ఈ పేరు కొంత తెలుసు. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, మిడ్‌వైఫ్ కూడా కాదు. బిడ్డను బయటికి తీసే పని ఆమెది కాదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ రొమ్ము పట్టేదాకా తల్లిని విడవకుండా ఉండటమే ఆమె పని. నడుం రుద్దుతుంది. లేపి నాలుగడుగులు నడిపిస్తుంది. పక్కకు తిరిగి పడుకోవడానికి సాయం చేస్తుంది. ఊపిరి ఎలా వదలాలో తానూ వదులుతూ చూపిస్తుంది. డాక్టరు గబగబా చెప్పి వెళ్ళిన మాటను తల్లికి అర్థమయ్యేలా మళ్ళీ చెబుతుంది. తరగతులు చెప్పే బోధకురాలు ఇదే జ్ఞానాన్ని ఆరో నెల, ఏడో నెల నుంచే ఆ తల్లికీ, ఆమెతో ఆసుపత్రికి వెళ్ళబోయే అమ్మకో అత్తగారికో అందిస్తుంది.

ఇది కేవలం ఓదార్పు అనుకునేవారు ఉన్నారు. వారు ఈ లెక్క చూడాలి. 1980లో గ్వాటెమాలాలో కెన్నెల్, క్లాస్ అనే వైద్యులు తమ బృందంతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లికి ముందు పరిచయమే లేని మామూలు స్త్రీని కాన్పంతా ఆమె పక్కన ఉంచారు. చిక్కులు లేని కాన్పుల్లో, తోడు లేని తల్లులకు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా సుమారు 19 గంటలు పడితే, తోడున్నవారికి తొమ్మిది గంటలలోపే అయింది. తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి పరీక్షలు జరిగాయి. 2017లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 దేశాల నుంచి 15,000 మందికి పైగా తల్లుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఎడతెగని తోడు ఉన్నచోట సిజేరియన్ అవసరం దాదాపు నాలుగో వంతు తగ్గింది. కాన్పు అనుభవం చేదుగా మిగిలిందని చెప్పినవారూ తగ్గారు. అదే సంస్థ 2011లో ఇచ్చిన సమీక్షలో మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఒకటుంది. ఆ తోడు ఆసుపత్రి సిబ్బందీ కాకుండా, తల్లి బంధువర్గమూ కాకుండా ఉన్నప్పుడు, అదీ నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మామూలుగా దొరకని చోట్ల, ఫలితం ఎక్కువగా కనిపించింది. మన జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఎపిడ్యూరల్ మామూలుగా దొరకదు.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. దేశం మొత్తానికి ఈ లెక్క 21.5 మాత్రమే. పెద్దాపరేషన్ వేలమంది తల్లుల ప్రాణం నిలిపింది, దాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ నూటికి ఎనభై మంది తల్లులకు ఆపరేషన్ తప్పదని ఎవరూ నమ్మలేరు. ఇందుకు కారణాల్లో ఆసుపత్రుల ఆదాయం ఉంది, ముహూర్తాల పిచ్చి ఉంది, తీరికలేని డాక్టర్లున్నారు. భయం కూడా ఉంది. ఎవరూ ఏమీ చెప్పని అమ్మాయి మొదటి నొప్పికే బెదిరిపోయి, కోసి తీసేయండి అని తానే అడుగుతుంది. ఆ భయాన్ని మనం తగ్గించగలం.

ప్రభుత్వం తలుపు కొంత తెరిచింది. 2016 ఫిబ్రవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూమ్‌లోకి కాన్పు తోడును అనుమతించింది. లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 2017 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫారసులు ఆ మాటనే బలపరిచాయి. కేంద్రం పెట్టిన షరతులు న్యాయమైనవి. తోడుగా వచ్చేది స్త్రీ బంధువు అయ్యుండాలి, తానూ బిడ్డను కన్నదైతే మేలు. అంటువ్యాధులు ఉండకూడదు. శుభ్రమైన బట్టలు వేసుకోవాలి. చివరిదాకా ఉండాలి. వైద్యంలో తలదూర్చకూడదు. ఈ హక్కు సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? తెలిసినా, లోపలికి వెళ్ళిన అత్తగారికి అక్కడ ఏం చేయాలో ఎవరు నేర్పారు? ఆమె బిడ్డకన్నా ముందు తానే ఏడుస్తుంది, లేకపోతే కోడల్ని అరవొద్దని గదమాయిస్తుంది.

అందుకే మన పని రెండు దారుల్లో సాగాలి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళే కుటుంబాల్లో ఆ బంధువుకే మన బోధకురాలు ముందుగా శిక్షణ ఇవ్వాలి. మన చేతిలో ఉన్న మిషన్ ఆసుపత్రుల్లో మాత్రం, తల్లి కోరుకుంటే, సంఘం తయారుచేసిన తోడును నేరుగా లోపలికి రానివ్వాలి. మన ఆసుపత్రి తలుపు మనమే తెరవకుండా ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు వినతిపత్రాలు ఇవ్వడంలో అర్థం లేదు.

ఇది మనకు కొత్త పరిచర్య కాదు. లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోలేక ఇళ్ళలోనే చనిపోతున్న స్త్రీల కోసం 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. తన బిడ్డ క్షేమంగా పుట్టినందుకు కృతజ్ఞతగా ఏలూరు రాజా ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు ఉండటానికి వసతి కట్టించారు. తల్లితోపాటు వచ్చేవారికి చోటు ఉండాలని ఆ రోజుల్లోనే ఒకరికి తోచింది. మన బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి బాలింతల పక్కన కూర్చున్నారు. అంతకన్నా పాత చరిత్ర కూడా మనదే. పల్లెల్లో మంత్రసానులుగా చేసినవాళ్ళలో చాలామంది మాల, మాదిగ, మంగలి ఇళ్ళ స్త్రీలు. ఊరి బిడ్డలందరినీ వాళ్ళ చేతులతో పట్టారు, ఆ పనినే మైల అనిపించుకుని గుమ్మం బయట నిలబడ్డారు, చేటెడు గింజలతో ఇంటికి వెళ్ళారు. వాళ్ళ మనవరాళ్ళే ఈ రోజు మన చర్చి బెంచీల మీద కూర్చున్నారు. కాన్పులు ఆసుపత్రికి మారడం మంచిదే, ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో నూటికి 96కు పైగా అక్కడే జరుగుతున్నాయి. బిడ్డను పట్టే పని డాక్టర్లకూ నర్సులకూ వెళ్ళింది. తల్లిని పట్టుకుని కూర్చునే పని మాత్రం ఎవరికీ వెళ్ళలేదు. మిషన్ ఆసుపత్రులు, నర్సింగ్ స్కూళ్ళు, ప్రతి ఊళ్ళో స్త్రీల సమాజం ఉన్న మనం ఆ పనిని తిరిగి గౌరవంతో చేపట్టకపోతే మరెవరు చేపడతారు?

సంఘం ఇచ్చేది క్రైస్తవ శిక్షణ కావాలి కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో తేటగా చెప్పాలి. మామూలు పాఠానికి మొదట ఒక పాట, చివర ఒక ప్రార్థన అతికిస్తే అది క్రైస్తవ శిక్షణ అయిపోదు. కాన్పు గురించి మన సంఘాల్లోనే తిరుగుతున్న తప్పుడు బోధను వాక్యంతో సరిదిద్దడం దాని మొదటి పని.

ప్రసవవేదన హవ్వకు పడిన శిక్ష, ఓర్చుకోవాల్సిందే అని చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. 1847లో స్కాట్లండ్‌లో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పుల్లో క్లోరోఫాం వాడినప్పుడు ఇదే ఆక్షేపణ వచ్చింది. ఆయన కూడా విశ్వాసే. లేఖనాలు చూపిస్తూనే ఒక కరపత్రం రాసి జవాబిచ్చాడు. యేసు తన మరణానికి ముందు రాత్రి శిష్యుల దుఃఖం గురించి చెబుతూ ప్రసవించే స్త్రీని తలచుకున్నాడు, ఆమె సంతోషాన్ని వాళ్ళ ముందుంచాడు. ఆమెను నిందించలేదు. ఆమె నొప్పిని తగ్గించేవారిని అడ్డుకునే అధికారం మనకు లేదు.

రెండో తప్పు ఇంకా లోతుగా పాతుకుంది. కత్తి పడకుండా దేవుడు నార్మల్ డెలివరీ ఇచ్చాడని ఒకరు సాక్ష్యం చెబుతారు, సంఘం హల్లెలూయ అంటుంది. అదే సభలో వెనక బెంచీ మీద, కుట్లు ఇంకా ఆరని తల్లి ఒకతె తన విశ్వాసం చాలలేదేమో అని తల దించుకుని కూర్చుంటుంది. ఇది క్రూరత్వం. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ కిందికి ఉంటే, ఆపరేషన్ దేవుని దయే. ఆ మాట వేదిక మీద నుంచి కాపరి నోటితో వినబడాలి. గుర్రపు వాతం వచ్చే సూచనలున్న గర్భిణికి ప్రార్థన నూనె రాసి పడుకోబెట్టడం విశ్వాసం కాదు. తలపోటు తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ప్రార్థన బండిలో చేసుకోవచ్చు.

షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఫరో ఆజ్ఞను తోసిపుచ్చారు. ఫరో మగబిడ్డలను చంపమన్నాడు. మన కాలంలో ప్రమాదం ఆడబిడ్డలకు. పుట్టబోయేది ఎవరో చెప్పడాన్ని 1994 చట్టం నేరం చేసినా, మళ్ళీ ఆడపిల్లేనా అనే మాట లేబర్ రూమ్ బయట ఈ రోజుకీ వినిపిస్తుంది. ఆ మాటను తల్లి చెవిన పడనివ్వకపోవడం, ఆ బిడ్డను తల్లి గుండెల మీద పెట్టి మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించడం మన తోడు చేయవలసిన పని. బిడ్డ చనిపోయి పుడితే కారణాలు వెతకకూడదు, దేవుని చిత్తమని సర్దిచెప్పకూడదు. ఆ తల్లి ఒప్పుకుంటే బిడ్డను చూపించి, పక్కన కూర్చుంటే చాలు.

ఇంకొక హద్దు ఉంది, దీన్ని మీరినవారిని ఈ పనిలోంచి తప్పించాలి. నొప్పులు పడుతున్న స్త్రీ మన సువార్తకు దొరికిన అవకాశం కాదు. ఆమె హిందువైనా ముస్లిమైనా అదే చేత్తో అదే నడుం రుద్దాలి. అడిగితేనే ప్రార్థన. ఆమె పేరు, ఆమె రోగం, ఆమెకు పెళ్ళైందో లేదో అన్న విషయం ప్రార్థన విన్నపంగా కూడా వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. పెళ్ళి కాని అమ్మాయి, హెచ్ఐవీ ఉన్న తల్లి మన తోడును చూసి భయపడితే మన శిక్షణంతా వృథా.

శిక్షణ మిషన్ ఆసుపత్రుల్లోనే, అనుభవమున్న నర్సుల చేతుల మీదుగా జరగాలి. నొప్పుల దశలు, గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకునే క్రమం, ఏ భంగిమలో ఏ సుఖం, పాలు పట్టించడం, బాలింత దిగులును గుర్తించడం, ఇవి తరగతిలో చెప్పవచ్చు. మిగిలింది నర్సు పర్యవేక్షణలో కాన్పుల దగ్గర ఉండే నేర్చుకోవాలి. లోపలి పరీక్ష చేయడం, మందులు చెప్పడం, పొట్ట నొక్కడం, డాక్టరుతో వాదించడం పూర్తిగా నిషేధం. తెలంగాణ 2017 నుంచి నర్సులను మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దుతోంది. మన తోడు ఆ మిడ్‌వైఫ్‌కు చేదోడు, ఆమెకు పోటీ కాదు.

ఈ పనిని ఉచిత సేవగా ఆడవాళ్ళ నెత్తిన పెట్టడానికి మేం ఒప్పుకోం. రాత్రంతా మేలుకున్న స్త్రీ మర్నాటి కూలి పోగొట్టుకుంటుంది. ఆటో ఛార్జీ, భోజనం, రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం సంఘ నిధి నుంచి ఇవ్వాలి. క్రిస్మస్ అలంకరణలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్ళిస్తే చాలా సంఘాలకు ఇది భారం కాదు.

మన దగ్గర నర్సులున్నారు కదా అని కొందరంటారు. ఒక్క నర్సు ముగ్గురు నలుగురు తల్లుల మధ్య పరుగెత్తే చోట ఎవరి చెయ్యి పట్టుకుని కూర్చోగలదు? లేబర్ రూముల్లో తల్లులను తిట్టడం, చెయ్యి చేసుకోవడం జరుగుతోందని మన ఆడవాళ్ళందరికీ తెలుసు. పక్కన ఒక మనిషి నిలబడితే ఆ నోళ్ళూ ఆ చేతులూ చాలావరకు అదుపులో ఉంటాయి.

కాపరులారా, వచ్చే డయాసిస్ కౌన్సిల్‌లో, బాప్టిస్టు సంఘాల సమావేశం వార్షిక సభలో ఈ తీర్మానం పెట్టండి. మిషన్ ఆసుపత్రుల నిర్వాహకులారా, ముందు ఒక్క ఆసుపత్రిలో ఒక్క వార్డు తెరవండి. స్త్రీల సమాజాల పెద్దలారా, ఈ నెల కూటంలో ఈ కరపత్రం చదివి వినిపించండి. కాన్పులు చూసిన, గుట్టు దాచగల అమ్మల పేర్లు రాసి సంఘ కార్యదర్శికి ఇవ్వండి. పేరు పక్కన వాళ్ళకు వచ్చిన భాషలు, ఇంటికి దగ్గరున్న ఆసుపత్రి, రాత్రిపూట రాగలరో లేదో కూడా రాయండి.