గేరుబాక్సు నూనె కారుటను ఉపేక్షింపరాదు

2022 వరకు కృష్ణాజిల్లాకు చెందియుండి, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనున్న మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలందు ప్రత్తి, మిరప సేద్యము ట్రాక్టరుపై ఆధారపడియున్నది. ఎద్దు కుంటినచో ఆనాడే చూచుకొను రైతు, గేరుబాక్సునుండి నూనె కారుచుండగా వారములకొలది ఊరకుండుట తగదు. తగ్గినంత పోసిన చాలునని తలంచుట పొరపాటు.

నూనె కారుటకు సామాన్యముగా అరిగిన ఆయిలుసీలో, చెడిన గాస్కెట్టో కారణమగును. క్లచ్చివైపు సీలు పోయినచో నూనె క్లచ్చిప్లేటునకంటి, అది జారి మాడిపోవును. సీలు చెడినచోటనే నీరును, ధూళియు లోనికి బోవును. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గ్రహింపవలెను. అనేక ట్రాక్టర్లలో గేర్లకును, నాగలినెత్తు హైడ్రాలిక్కునకును నూనె ఒక్కటియే. కావున ఆ నూనె చెడిన రెండును చెడును.

బండిని సమతలమున నిలిపి, నూనె వెచ్చగానున్నపుడు దింపవలెను. అప్పుడే సీలును, ఫిల్టరును మార్చి, కంపెనీ పుస్తకమున చెప్పిన రకమునే గుర్తువరకు పోయవలెను. తీసిన నూనెను పొలమునగాని, మున్నేరు, పాలేరులలోగాని పోయరాదు. 2016 నాటి నియమముల ప్రకారము అది ప్రమాదకర వ్యర్థము.

డ్రమ్ము నూనె ఒంటరి రైతునకు భారము, సంఘమునకు కాదు. సభ్యుల ట్రాక్టర్లకు తగిన నూనెను, సీళ్లను సంఘములు ఒక్కుమ్మడిగా కొని, దుక్కులకు ముందే వేసవిలో అందజేయవలెనని మా అభిప్రాయము. చెడిన యంత్రమును బాగుచేయవచ్చును గాని, తప్పిన అదనును తిరిగి తేజాలము.