నష్టం ఎప్పుడూ కుట్టిన చేతులకేనా?

కరోనా ప్రపంచ వాణిజ్యాన్ని తలకిందులు చేసిందని ఆర్థికవేత్తలు అంటున్నారు. నేను ఒప్పుకోను. తలకిందులు కావడమంటే పైనున్నవాళ్లు కిందికి రావాలి కదా! బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమలో అలా జరగనేలేదు.

ఆ దేశపు ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే. ఆ పరిశ్రమలోని దాదాపు 40 లక్షల కార్మికుల్లో ఎక్కువమంది స్త్రీలు. 2020 మార్చిలో ఐరోపా, అమెరికాల్లో దుకాణాలు మూతపడగానే బహుళజాతి కంపెనీలు ఆర్డర్లు ఆపేశాయి. రద్దయినవీ నిలిపేసినవీ కలిపి 300 కోట్ల డాలర్లకు పైనేనని అక్కడి యజమానుల సంఘమే లెక్క చెప్పింది. వాటిలో కుట్టడం పూర్తయిన బట్టలూ వున్నాయి. గుడ్డ కొనేది ఫ్యాక్టరీ, జీతాలిచ్చేది ఫ్యాక్టరీ. విదేశీ కంపెనీ డబ్బిచ్చేది మాత్రం సరుకు ఓడెక్కిన తరువాతే. పైగా అనుకోని విపత్తు వస్తే తమకు బాధ్యత లేదనే షరతు కాంట్రాక్టులో వుంటుంది. చాలామంది దాన్ని చూపించి చేతులు దులుపుకున్నారు. భారమంతా మిషను ముందు కూర్చున్న ఆమె మీద పడింది.

ఏప్రిల్ మొదట్లో ఫ్యాక్టరీలు తెరుస్తారని విని, బస్సుల్లేక వేలాదిమంది పల్లెల నుంచి ఢాకా వైపు నడిచొచ్చారు. తీరా వచ్చాక మూసివేత పొడిగించామన్నారు. జీతాల కోసం ప్రభుత్వం ప్రకటించిన 5,000 కోట్ల టాకాలు యజమానులకు అప్పుగా వెళ్లాయి. బకాయిల కోసం స్త్రీలు లాక్‌డౌన్‌లోనే రోడ్డెక్కారు.

తరువాత మార్కెట్టు కోలుకుంది. 2019-20లో సుమారు 2,800 కోట్ల డాలర్లకు పడిపోయిన దుస్తుల ఎగుమతులు 2021-22లో 4,200 కోట్లు దాటాయి. మరి 2018లో నిర్ణయించిన 8,000 టాకాల కనీస వేతనం? 2023 చివరిదాకా కదల్లేదు. 23,000 అడిగితే 12,500 ఇచ్చారు. ఆ పోరాటంలో కార్మికులు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

నష్టమొస్తే కిందికి నెడతారు, లాభమొస్తే పైనే వుంచుకుంటారు. ఈ పని చేసింది వైరస్సా? అది పుట్టకముందే రాసుకున్న కాంట్రాక్టులా?

'పే అప్' పేరుతో కార్మికులూ వినియోగదారులూ గొంతు కలిపాక చాలా కంపెనీలు బకాయిలు చెల్లించక తప్పలేదు. కానీ ఒక్కో కంపెనీ వెంటా ఎన్నాళ్లు పడతాం? మన దగ్గర ఎగుమతి దుస్తులు కుట్టే అక్కచెల్లెళ్లూ ఈ గొలుసు చివరే వున్నారు. బియ్యం, పప్పులు పంచడంతో మన పని అయిపోదు. కుట్టించుకున్న ప్రతి బట్టకూ కూలి పూచీ కొనే కంపెనీదేనని చట్టంలో రాయించాలి. మరో విపత్తు వచ్చేలోగా రాయించాలి.