గోదావరి పాయల్లో రాయని నవల

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ యుద్ధం మీద జంగం కథ ఉంది, బుర్రకథ ఉంది, నాటకం ఉంది, 1964లో వచ్చిన సినిమా ఉంది. తాండ్ర పాపారాయుడి పేరు వినని తెలుగువాడు అరుదు. అదే ఏడాది ఫ్రెంచి సేనాని బుస్సీ మనుషులు గోదావరి మొగల దగ్గర మూడు ఇంగ్లీషు వర్తక స్థావరాలను పట్టుకున్నారు. నరసాపురం పక్కన మాధవాయపాలెం ఒకటి, యానాం పక్కన ఇంజరం ఒకటి. మూడోది అమలాపురానికి దిగువన, నేటి అల్లవరం మండలంలోని బెండమూర్లంక. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతికి దక్కింది ఒకటి రెండు వాక్యాలు. నవలల్లో తెలుగు పాఠకులు చెప్పుకునేది ఒక్కటీ లేదు.

అవి బొబ్బిలి లాంటి కోటలు కావు. బురుజులు లేవు, ఆత్మాహుతి లేదు. గుడ్డల గిడ్డంగులు, కొద్దిమంది దొరలు, వాళ్ల గుమాస్తాలు, దుబాసీలు. వీరగాథకు పనికొచ్చే సరుకు అక్కడ లేకపోవచ్చు. ప్రేమ, వేగు, ప్రాణభయం మూడూ కలిసిన నవలకు మాత్రం అంతకు మించిన చోటు తెలుగు నేల మీద ఇంకోటి ఉందా?

ఆనాటి పరిస్థితి చూడండి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. అంటే బెండమూర్లంకలో కూర్చున్న ఇంగ్లీషు వర్తకుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న నేల మీద వ్యాపారం చేసుకుంటున్నాడు. యానాంలో ఫ్రెంచివాళ్ల సొంత స్థావరం ఉంది. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్లున్నారు. అందరూ కొనేది ఒకే బట్ట, నేసేది ఒకే సాలెవాడలు, బేరం కుదిర్చేది ఒకే రకం దళారులు. 1756లో ఐరోపాలో మొదలైన ఏడేళ్ల యుద్ధం కబురు ఓడ మీద ఇక్కడికి చేరేసరికి నెలలు పట్టేది. నిన్నటిదాకా ఒక రేవులో పలకరించుకున్న ఇద్దరు ఈ రోజు పగవాళ్లని తెలిసే క్షణం ఒకటి ఉంటుంది. ఆ కబురు ముందు ఎవరి చెవిన పడితే వాడిదే పైచేయి. దాన్ని మోసేవాడు హర్కారా, చెవిలో వేసేవాడు దుబాసీ, ఏరు దాటించేవాడు పడవ సరంగు. వీళ్లలో ఎవరు ఎవరికి అమ్ముడుపోయారో తెలుసుకోవడమే కథ.

తెలుగులో ఈ కోవ నవల ఆలస్యంగా పుట్టిందేమీ కాదు. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ వచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘హేమలత’ రాశారు. ఖండవల్లిలో పుట్టి, రాజమండ్రిలో బతికిన మనిషి; జీవితమంతా గోదావరి గాలి పీల్చినవారు. ఆ నవల మాత్రం అల్లావుద్దీన్ ఖిల్జీ కాలపు రాజపుత్ర నేలకు వెళ్లింది. అందులో ఆయనను తప్పుపట్టడానికేం లేదు. కర్నల్ టాడ్ రాసిన రాజస్థాన్ చరిత్ర అప్పట్లో దేశం మొత్తానికి కథల గని. బెంగాలులో బంకించంద్రుడు 1865లోనే ‘దుర్గేశనందిని’తో కోట, చెర, ప్రేమ కలిపిన దారి చూపించాడు. సొంత ఊరి చరిత్ర చదువుకోవాలంటే మన భాషలో పుస్తకమే లేని రోజులవి. ఆ లోటు తీర్చడానికి 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి పెట్టారు, చారిత్రక నవలలకు పోటీలు నడిపారు. అప్పటినుంచి మన నవలాకారుడి గుర్రం చిత్తోడు వదిలి విజయనగరం, ఓరుగల్లు వైపు తిరిగింది.

ఆ గుర్రాన్ని అందరికంటే బాగా తోలినవారు అడివి బాపిరాజు. ఆయన ‘గోన గన్నారెడ్డి’ని ఇవాళ్టి పాఠకులు 2015 నాటి ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ వేషంగా గుర్తు పెట్టుకున్నారు. నవల దగ్గరకు వెళితే ఆ వేషం వెనక పని కనిపిస్తుంది. చరిత్రలో గోన వంశం ఉంది; వర్ధమానపురం వాళ్ల రాజధాని; రంగనాథ రామాయణ కర్తగా పేరున్న గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడే; 1294లో రాయచూరు కోట కట్టించిన విఠలనాథుడి శాసనం ఇప్పటికీ ఉంది. శాసనాలు రాజభక్తిని చెబుతాయి తప్ప మనసులో మాట చెప్పవు. బాపిరాజు ఆ ఖాళీలోకి గజదొంగను ప్రవేశపెట్టారు. లోకానికి దోపిడీకాడు, లోపల రుద్రమకు విధేయుడు. అతణ్ణి ప్రేమించిన అన్నాంబిక ఎవరిని ప్రేమిస్తున్నట్టు, దొంగనా, సామంతుణ్ణా? గుట్టు బయటపడితే రాజ్యానికి ముప్పు, దాస్తే ప్రేమకు ముప్పు. వేగుకథ, ప్రేమకథ రెండు పాయలుగా విడిపోకుండా ఒకే ముడి మీద నడవడమంటే ఇదే. తర్వాత ఆయన అడుగుజాడల్లో వచ్చిన చాలామంది ఈ ముడి సంగతి మరిచారు. బైరాగి వేషం కట్టిన గూఢచారిని ఒక ప్రకరణంలోనూ, వెన్నెల్లో కలుసుకున్న నాయికా నాయకులను ఇంకో ప్రకరణంలోనూ పెట్టి, రెంటినీ పక్కపక్కన కుట్టేశారు.

‘హిమబిందు’లో బాపిరాజు ఇంకో అడుగు వేశారు. శాతవాహన యువరాజును మట్టుపెట్టడానికి పెంచిన విషకన్య అతణ్ణే ప్రేమించడం అందులోని కీలకం. విషకన్య ఆయన ఊహ కాదు. ‘ముద్రారాక్షసం’లో చంద్రగుప్తుడికి పంపిన విషకన్య పర్వతకుణ్ణి బలి తీసుకుంటుంది. శామశాస్త్రి 1905లో వెలికితీసి 1909లో మైసూరులో అచ్చు వేయించిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సన్యాసిని మొదలుకొని విషం పెట్టేవాడి దాకా గూఢపురుషుల జాబితా ఉంది. పాత సరుకే, దానికి మనసు పెట్టడం మాత్రం బాపిరాజుది. అంతకుముందు కథల్లో ఆమె ఆయుధం, ఇక్కడ మనిషి.

ఇంకొక చిత్రం. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ ‘వేయిపడగలు’తో కలిసి పంచుకున్న బాపిరాజు సాంఘిక నవల ‘నారాయణరావు’లో కథానాయకుడి ఊరు మన కోనసీమ కొత్తపేటే. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన ఆయనకు కోనసీమ పెళ్లిళ్లు, భోజనాలు, ఇంటి మాటలు అన్నీ కరతలామలకం. అయినా వేగువాళ్లను వెతుక్కుంటూ మాత్రం ఓరుగల్లుకూ ధాన్యకటకానికీ వెళ్లారు. గోదావరివాడు రుద్రమ కథలోకి వచ్చింది ఆమె పెనిమిటి, నిడదవోలు చాళుక్య వీరభద్రుడి రూపంలోనే. ఇక్కడి పాత రాజ్యాలకేం కొరత? కొత్తపేట పక్కనున్న పలివెల గుడి శాసనాల్లో కోన మండలం ఏలిన హైహయుల కాలం ఉంది. కొప్పులింగేశ్వరుడి దర్శనానికి వెళ్లేవాళ్లలో ఆ రాళ్ల ముందు ఆగేవాళ్లు తక్కువ.

తమిళంలో కల్కి 1950లో సీరియల్‌గా మొదలుపెట్టిన ‘పొన్నియిన్ సెల్వన్’ మాట ఇక్కడ తప్పదు. అందులో వందియదేవుడు రాజ్యం ఏలే రాజకుమారుడు కాదు, ఉత్తరం మోసేవాడు. ఆ పనిలో పడే చోళ రాజ్యపు కుట్రలన్నీ చూస్తాడు, ఆ పనిలోనే చోళ రాకుమారి కుందవైని ప్రేమిస్తాడు. ఆ ఎంపిక వల్లే నవల పరుగెత్తింది. తెలుగు చారిత్రక నవల సింహాసనం చుట్టూ తిరిగినంతగా టపా మోసేవాడి వెంట తిరగలేదు.

చరిత్రలో జరిగినవి చూస్తే కల్పనకు సిగ్గేస్తుంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే భార్య, పుదుచ్చేరిలో పుట్టిన జీన్ డూప్లేకు తమిళం వచ్చు. ఆమె సొంత వేగులవాళ్లను నడిపేదని, పాలన వ్యవహారాల్లో చేయి పెట్టేదని దుబాసీ ఆనంద రంగ పిళ్లై తన దినచర్యలో కోపంగా రాసుకున్నాడు. 1736లో మొదలుపెట్టి చనిపోయే 1761 దాకా అతను రాసినది ఇంగ్లీషులో పన్నెండు సంపుటాలైంది. బుస్సీ దివాను హైదర్ జంగ్ 1758లో సలాబత్ జంగ్ తమ్ముడు నిజాం అలీ డేరాలో హత్యకు గురయ్యాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను ముట్టడించిన ఇంగ్లీషు అధికారులు, దాటడానికి వీల్లేదనుకున్న బురదనేల మీదుగా కూలీలు నడిచి వెళ్లడం గమనించారు. అటునుంచి ఒక దళాన్ని దొంగదాడికి పంపి, అసలు దాడి వేరేవైపు నుంచి చేశారు. కోట ఒక్క రాత్రిలో పోయింది.

హైదరాబాదు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ సంగతి ఇంకా చెప్పాలా? 1798లో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని ఆయుధాలు దించేలా చేసిన ఆ మనిషే ఖైరున్నీసాను పెళ్లాడి, తన సొంత గవర్నర్ జనరల్ విచారణకు గురయ్యాడు. భర్త దొర కాబట్టి ఆమెను ఆమె వాళ్లు, భార్య నిజాం కొలువు పెద్దల ఇంటి బిడ్డ కాబట్టి అతణ్ణి అతని వాళ్లు అనుమానించారు. 1805లో పిల్లలిద్దరినీ ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు, ఆ ఏడాదే అతను కలకత్తాలో పోయాడు. తర్వాతి కాలంలో కోఠి మహిళా కళాశాలగా తరాల విద్యార్థినులు ఎరిగిన భవనం అతను కట్టించిందే.

కోనసీమలో ఇలాంటి కథ రాయదలచినవారికి రెండు హెచ్చరికలు మాత్రం అవసరం. ఇవాళ సినిమాల్లో కనిపించే కోనసీమ, గట్టున కొబ్బరిచెట్లు, పక్కన నిండుగా పారే కాలువ, 1757లో లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంతకుముందు వాన వస్తే వరద, రాకపోతే ఎండ. నాయికను కాలువ గట్టు మీద నిలబెట్టి నాయకుణ్ణి పడవలో రప్పిస్తే ఆ నవల మొదటి పేజీలోనే మునుగుతుంది. కాకతీయుల వంటింట్లో ఎండుమిరపకాయల ఘాటు కొట్టించిన రచయితలు మనకున్నారు. పోర్చుగీసులు రాకముందు ఈ దేశానికి మిరపకాయ ముఖమే తెలియదు. అలాంటి పొరపాటును పాఠకుడు క్షమించినా, పక్క పేజీలో రాసిన యుద్ధాన్ని మాత్రం నమ్మడు.

రెండోది, ప్రమాదం ఎక్కడుందన్నది. ఫ్రెంచివాడి కత్తిలోనే ఉందనుకుంటే అది విదేశీ నవలకు తెలుగు పేర్లు తగిలించినట్టు ఉంటుంది. 1905లో బారోనెస్ ఆర్ట్సీ రాసిన ‘స్కార్లెట్ పింపర్నెల్’లో భర్త గుట్టు భార్యకు తెలియదు, వాళ్ల మధ్య అడ్డుగోడ విప్లవం. కోనసీమ లంకలో దుబాసీ కొడుకు సాలెవాడ పిల్లను ప్రేమిస్తే అడ్డుగోడ బుస్సీ వచ్చేసరికే కట్టి ఉంది. సరంగు కులం వేరు, హర్కారా కులం వేరు. కంపెనీ రహస్యం బయటపడితే పోయేది ఉద్యోగం. ఈ రహస్యం బయటపడితే పోయేది ఊరు. ఈ భయాన్ని వదిలేసి కోనసీమ మీద ఎవరు రాసినా, ఎన్ని ఓడలు కాల్చినా, అది పొగగానే మిగులుతుంది.

పద్దెనిమిదో శతాబ్దం దూరమనిపిస్తే, యానాం ఇంకా దగ్గరగా ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలన అంతమైంది. అప్పటిదాకా గౌతమికి ఇవతలా అవతలా రెండు చట్టాలు, రెండు రకాల పోలీసులు. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాల కోసం పెళ్లి బృందాలు ఆ ఎల్ల దాటి యానాం వెళ్లేవి. ఎల్ల ఉన్నచోట కబుర్లమ్ముకునేవాడు ఉంటాడు, పారిపోయే జంటా ఉంటుంది. ఆ రోజులు ఎరిగిన వృద్ధులు కొందరు ఆ పక్క ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేసుకోవడానికి సెల్‌ఫోను చాలు.

పాతకాలానికి వెళ్లేవారికి ఆధారాల కొరత లేదు. కంపెనీ యుద్ధాల మీద ఆర్మ్ రాసిన చరిత్ర ఉంది, 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా గ్రంథం ఉంది. కావలి సోదరులు కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం సేకరించిన కైఫియతుల్లో ఊళ్ల కథలున్నాయి. ఇంగ్లీషువాళ్లనూ ఫ్రెంచివాళ్లనూ పక్క నుంచి గమనించిన డచ్చివాళ్ల కోరమండల్ తీరపు కాగితాలు ది హేగ్ నగరంలోని జాతీయ దస్త్రాల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో పాలకొల్లు రేవు కబుర్లు వెతకడానికి డచ్చి చదవగలిగిన తెలుగువాడు కావాలి, లేదా అలాంటివాడితో స్నేహం చేసుకునే ఓపికున్న నవలాకారుడు కావాలి. అమలాపురం, రాజోలు పల్లెల నుంచి వెళ్లి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు ఎవరైనా ఒక సెలవు రోజు అటు వెళ్లి చూస్తే, వాళ్లు రాసి పంపింది అచ్చు వేయడానికి ఈ పత్రిక పేజీలు సిద్ధం.