ఆ ఏడుగురిలో ఒకడు మనోడే

పోయిన ఆదివారం ప్రొద్దుటూరు హాస్టల్లో అందరం కూర్చుని 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' చూసినాము. 1960 నాటి సినిమాకు 2016లో వచ్చిన రీమేక్. ఆ 1960దీ సొంత కథ కాదు, కురోసావా 1954లో తీసిన 'సెవెన్ సమురాయ్' నుంచి తెచ్చుకున్నదే. ఊరిని దోచేవాళ్ల మీదికి ఏడుగురు దిగుతారు, అంతే కథ.

ముందు ఆ కొండల గురించి చెప్పాల. ఎర్రబండలు, దుమ్ము, కనుచూపు మేర ఖాళీ నేల, దూరంగా చుక్కలా గుర్రం. "ఇది మన గండికోట కదప్పా" అని ఒకరినొకరు పొడుచుకుంటానే ఉన్నాము. జమ్మలమడుగు నుంచి కాస్త దూరం పోతే పెన్నా కోసిన లోయ ఉండాది. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' తీసేవాళ్లు రాజస్థాన్ ఎడారికి పోయినారు. ఆ ఇసుక బాగానే ఉంది గానీ, పెన్నా గట్టున ఒక్క గుర్రం ఉరికించింటే ఎట్లుండేదో!

కథలో మాకు నచ్చిన మార్పు విలన్. పాతదాంట్లో బందిపోటు, ఇందులో బంగారు గని యజమాని బోగ్. బందిపోటు పంట ఎత్తుకుపోతే మళ్లీ పండించుకోవచ్చు. గనివాడికి నేలే కావాల. పులివెందుల పక్క పిల్లోళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టూ బోరునీళ్లు చెడిపోయినాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇక్కడికి ఏడుగురు రారు, అర్జీ పట్టుకొని మనమే పోవాల.

1960 నాటి ఏడుగురిలో ఒక్క ఆదివాసీ లేడు. ఇందులో రెడ్ హార్వెస్ట్ అనే కొమాంచీ యువకుడున్నాడు. ఆ వేషం వేసిన మార్టిన్ సెన్స్‌మైయర్ అలాస్కా ఆదివాసీ. చివర్లో బతికే ముగ్గురిలో అతనొకడు. మేము ఈలలు వేసినాము. అయితే అతనికి మాటలు తక్కువ. రోజ్ క్రీక్ ఊరు కట్టకముందు ఆ నేల ఎవరిదని సినిమా ఒక్కసారి కూడా అడగదు. మా అసంతృప్తి అక్కడే.

వెస్టర్న్‌లలో 'వాంటెడ్' కాగితం మీద ఒక్క మనిషి బొమ్మ ఉంటుంది. మన ఎరుకలోళ్లకైతే నేరస్థ తెగల చట్టం పేరుతో 1952 దాకా కులం మొత్తానికీ ఆ కాగితం అంటించినారు. తెలుగు సినిమాలో ఇప్పటికీ ఎరుకల అంటే సోది చెప్పేది, సుగాలీ అంటే పాటలో అద్దాల లంగా. కథానాయకుడుగా యానాది కుర్రోడు ఎప్పుడు?

గండికోటలో ఫోన్ కెమెరాతోనే పది నిమిషాల సినిమా తీద్దామనుకుంటున్నాము. తాతలు చెప్పిన కథలుంటే రాసి పంపండి. గుర్రాలు లేవు గానీ, జీవాలకు కొదవ లేదు.