మాల తీశాక తోడెవరు?

కార్తీకం వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో అయ్యప్ప దీక్షలతో సాయంత్రాల తీరు మారిపోతుంది. నిన్నటిదాకా మందు దుకాణం దగ్గర తూలిన మనిషి నల్లబట్టలు కట్టి, తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుని, పొద్దుగూకేసరికి భజనలో కూర్చుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. కన్నపిల్లలు కూడా ‘స్వామీ’ అనే పిలుస్తారు. ఇంటి ఇల్లాలు ఆ మండలం రోజులే కంటినిండా నిద్రపోతుంది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక చాలా ఇళ్లలో కథ మళ్లీ మొదటికొస్తుంది.

“మాలున్నన్నాళ్లూ సాములొచ్చి పిలిసీవోరు బావూ. తీసేక ఎవులూ పిలవరు, తాగీవోళ్లు తప్ప” అని ఈ ఆడవాళ్లు చెప్పుకునే బాధలో పెద్ద నిజముంది. దీక్షలో భక్తి ఎంత పనిచేసిందో, సాటి స్వాముల తోడూ అంత పనిచేసింది. రోజూ ఒకే వేళకు ఒకేచోట చేరడం, రాకపోతే ఎందుకు రాలేదని ఒకరు వాకబు చేయడం ఆ మనిషిని నిలబెట్టాయి. ఆ తోడు ఏడాది పొడుగునా ఎందుకుండకూడదు?

1935 మే నెలలో అమెరికాలోని యాక్రన్ ఊళ్లో బిల్ విల్సన్ అనే మనిషికి ఈ అవసరమే ఎదురైంది. తాగుడు మాని కొన్ని నెలలైంది. పనిమీద వచ్చాడు, అది చెడింది. హోటల్లో ఓ పక్క బారు రారమ్మంటోంది. అతను ఫోను దగ్గరికెళ్లి చర్చీలకు ఫోన్లు చేశాడు. మాట్లాడటానికి తనలాంటి మరో తాగుబోతు కావాలన్నాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన జూన్ 10నే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టినరోజుగా లెక్కేస్తారు. మనవాళ్లు ఏఏ మీటింగ్ అనేది దాన్నే.

అక్కడ ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. బయటి చందాలు పుచ్చుకోరు, గది అద్దె, టీ ఖర్చు వచ్చినవాళ్లే వేసుకుంటారు. ఒకరు తన కథ చెబుతారు, మిగతావారు అడ్డు తగలకుండా వింటారు. ఇంటివాళ్ల కోసం 1951 నుంచి ‘అల్-అనాన్’ అనే వేరే మీటింగులున్నాయి. కిడ్నీ జబ్బులతో నలిగే ఉద్దానంలో డయాలసిస్ ఒక్కసారితో అయిపోదని చిన్నపిల్లలకూ తెలుసు. మీటింగూ అంతే, వారం వారం వెళ్లాల్సిందే.

ఒక హెచ్చరిక. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి చలించి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు. ఆస్పత్రి ఒంట్లోని మందును దించుతుంది. ఇంటికొచ్చాక వచ్చే మొదటి జీతం రోజును, మొదటి పెళ్లి భోజనాన్ని, గుజరాత్‌లోని వేరావల్ చేపల వేట నుంచి చేతిలో డబ్బుతో దిగిన మొదటి సాయంత్రాన్ని దాటించాల్సింది తోడున్న మనిషే. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది.

తాగుడు మీద మనం చేసిన పోరాటం చిన్నదేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో కలుసుకున్న ఆడవాళ్లు సారాను తరిమారు. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. చట్టాలు వచ్చాయి, పోయాయి. ఆడవాళ్లకు రాత్రి బడి దొరికింది, తర్వాత పొదుపు సంఘం దొరికింది. తాగేవాడు మాత్రం సిగ్గు విడిచి “నావల్ల కావట్లేదు” అనగలిగే చోటు మన ఊళ్లలో ఎన్నడూ చూపలేదు.

అందుకే అడుగుతున్నాను. పలాస-కాశీబుగ్గలో ఒక గది, టెక్కలిలో ఒక గది ఈ మీటింగుల కోసం వారానికో సాయంత్రం తెరవండి. రెండూ కావాలి. మన ఊళ్లలో ప్రతివాడూ ప్రతివాడికీ తెలిసినవాడే. తన ఊరి గదిలోకి వెళ్లడానికి వెనకాడే పలాస మనిషి టెక్కలి బస్సెక్కగలడు, అక్కడివాడు ఇక్కడికి రాగలడు. మీటింగు కోసం విశాఖ వెళ్లి రావాలంటే మాత్రం ఒకరోజు కూలి పోయినట్టే. బడో, సామాజిక భవనమో నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. పెత్తనం చేయకండి, ఫొటోలు తీయకండి. ఆస్పత్రులు డిశ్చార్జి కాగితం మీద మందులతోపాటు మీటింగు రోజు, వేళ కూడా రాయాలి. ఈలోగా 14446 నంబరుకు ఫోన్ చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. మనసు తట్టుకోలేకపోతే 14416 టెలీమానస్ ఉంది. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

అసలు మాట, ఇప్పటికే మానేసి నిలబడ్డవాళ్లతో. మీరు ఈ ఊళ్లలోనే ఉన్నారు, ఎవరికీ చెప్పుకోకుండా ఉన్నారు. గుంపు మొదలవడానికి ఇద్దరు చాలు, యాక్రన్‌లోనూ ఇద్దరే. ఊరికి మీ పేరు తెలియక్కర్లేదు. నిన్న మానేసి ఈ రాత్రి ఎలా గడవాలో తెలియనివాడికి తెలిస్తే చాలు. వాడికి తోడుగా కూర్చున్న ప్రతి సాయంత్రం మీ మానుడు కూడా గట్టిపడుతుంది.